ఏలియన్ పెట్టెలు రెండు: క్వాడ్రిలజీ మేలా, ఆంథాలజీ మేలా?

మొదటి పెట్టె మా బావగారు న్యూజెర్సీ నుంచి తెచ్చారు, సూట్‌కేసులో చాక్లెట్ల కింద బట్టలు చుట్టి భద్రంగా. ‘ఏలియన్ క్వాడ్రిలజీ’, అంటే అంతరిక్షంలో మనుషుల్ని వేటాడే ప్రాణి మీద వచ్చిన నాలుగు ఇంగ్లీషు సినిమాల సెట్టు, తొమ్మిది డీవీడీలు. ఆ రాత్రి భోజనాలు అవగానే మొదటి డిస్క్ ప్లేయర్లో పెడితే, ఈ రీజియన్‌లో ఇది ఆడదని తెర మీద ఒక్క ముక్క వచ్చి ఆగిపోయింది. డీవీడీలను ప్రాంతాల వారీగా తాళం వేసి అమ్ముతారు: అమెరికా డీవీడీలది రీజియన్ 1, మనది రీజియన్ 5. “డాలర్లు పోసి కొన్నాను బామ్మర్దీ” అని ఆయన తల పట్టుకున్నారు. మర్నాడు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి, ఏ దేశం డిస్కయినా ఆడించే ప్లేయర్ ఒకటి పట్టుకొచ్చాక గానీ సినిమా మొదలవలేదు.

రెండోది తర్వాత నేనే కొన్నాను. 2010లో వచ్చిన బ్లూరే పెట్టె, ‘ఏలియన్ ఆంథాలజీ’, ఆరు డిస్కులు. ఇప్పుడు రెండూ ఒకే అరలో పక్కపక్కన ఉన్నాయి. ఈ సినిమాలు డిస్కుల మీద దాచుకుందామనుకునే ప్రతివాళ్లూ అడిగేది ఒకటే: పాతది సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతుంటే కొత్తదానికి ఎందుకు ఎక్కువ పెట్టాలి? పెట్టాల్సిందే అంటాను. కానీ అందరూ ముందు అడిగే బొమ్మ నాణ్యత నాకు రెండో కారణం. మొదటి కారణం మూడో సినిమా. అవును, ఎక్కువమంది తిట్టుకునే ఆ మూడోదే.

ముందు రెండింట్లోనూ ఉన్నదేమిటో చూద్దాం. సినిమాలు నాలుగు: రిడ్లీ స్కాట్ తీసిన ‘ఏలియన్’ (1979), జేమ్స్ కామెరాన్ ‘ఏలియన్స్’ (1986), డేవిడ్ ఫించర్ ‘ఏలియన్ 3’ (1992), జాన్ పియర్ జునే ‘ఏలియన్ రిసరెక్షన్’ (1997). నలుగురు దర్శకులు, నాలుగు రకాల సినిమాలు. వాటన్నిటినీ కలిపి ఉంచే మనిషి ఒక్కతే, రిప్లీగా వేసిన సిగోర్నీ వీవర్. ప్రతి సినిమాకూ రెండు కూర్పులు ఉంటాయి: థియేటర్లో ఆడినది ఒకటి, మార్చినది ఇంకొకటి. అంటే మొత్తం ఎనిమిది సినిమాలు కొన్నట్టు లెక్క. ఈ పద్ధతి పెట్టింది 2003 నాటి క్వాడ్రిలజీయే. ఆ ఘనత దానికి ఇవ్వాలి. పేరు మాత్రం మార్కెటింగ్ వాళ్ల ఎంపిక. ఇంగ్లీషులో నాలుగింటి వరసకు టెట్రాలజీ అని ఎప్పటి నుంచో ఉంది, మనకు చతుష్టయం ఉన్నట్టు. అది జనానికి అర్థం కాదనుకున్నారో ఏమో, లాటిన్ తల, గ్రీకు తోక అతికించిన మాట వాడారు.

డీవీడీల పెట్టె చూడముచ్చటగా ఉంటుంది. పైతొడుగు లాగితే లోపలి అట్ట మడతలు విప్పుకుంటూ పోవాలి. మొత్తం విప్పితే మా టీపాయ్ చాలదు, నేల మీద చాప పరిచినట్టు పరుచుకోవాలి. ఆంథాలజీ (నా దగ్గరున్నది అమెరికా ముద్రణ) పుస్తకంలా తెరుచుకుంటుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ వాడేవాడికి నరకం. దళసరి అట్ట పేజీలకు చీలికలు పెట్టి డిస్కుల్ని వాటిలో దూర్చారు. బయటికి తీయాలంటే బొటనవేలు డిస్క్ మీద ఆనించి లాగాలి, లాగిన ప్రతిసారీ అట్ట అంచు డిస్కుని రాసుకుంటుంది. నా రెండో డిస్క్ మీద సన్నటి గీతలు అలా పడ్డవే. బ్లూరే పైపూత గట్టిది కాబట్టి ఇంతవరకు ఆడుతోంది. నేను ఆరు డిస్కులనూ మామూలు ప్లాస్టిక్ కేసుల్లోకి మార్చేశాను. పెట్టె ఊరికే షో కోసం ఉంది. ప్యాకింగ్ విషయంలో పాతదానికే నా ఓటు.

ఇక బొమ్మ. అమెరికా డీవీడీలో ఫ్రేముకు అడ్డంగా 720, నిలువుగా 480 చుక్కలు. బ్లూరేలో 1920, 1080. డీవీడీ డిస్కులో 8.5 జీబీ పడితే, బ్లూరేలో 50 జీబీ పడుతుంది. అంకెలు పక్కన పెట్టి, మొదటి సినిమా మొదటి నిమిషాలే చూడండి. నోస్ట్రోమో ఓడలో అందరూ నిద్రలో ఉంటారు, ఖాళీ గదిలో కంప్యూటర్ తనంతట తాను మేలుకుంటుంది. అక్కడున్న హెల్మెట్ అద్దంలో తెర మీది అక్షరాలు పరుగెడుతూ ప్రతిఫలిస్తాయి. డీవీడీలో అది పచ్చటి మిణుకుమిణుకు, అంతే. బ్లూరేలో అవి అక్షరాలని తెలుస్తుంది. తర్వాత ఓడ చీకటి నడవల్లో కెమెరా తిరిగేటప్పుడు డీవీడీలో నలుపంతా గళ్లుగళ్లుగా విడిపోతుంది. పాత 21 అంగుళాల టీవీలో ఇదేం కనపడేది కాదు. ఇప్పుడు హాల్లో 55 అంగుళాలది పెట్టుకున్నాక కనపడకుండా ఎలా ఉంటుంది? చీకట్లో ఏదో కదిలిందా లేదా అనే టెన్షన్ మీద నడిచే సినిమాకు ఇది చిన్న లోపం కాదు.

‘ఏలియన్స్’ దగ్గర మాత్రం జాగ్రత్తగా మాట్లాడాలి. దాన్ని గింజ (బొమ్మ మీద ఇసక చల్లినట్టు కనిపించే సన్నటి చుక్కలు) ఎక్కువుండే ఫిల్మ్ మీద తీశారు. బ్లూరే కోసం కామెరాన్ దగ్గరుండి ఆ గింజ తగ్గించి, రంగులు కాస్త నీలం వైపు తిప్పారు. నాకు నచ్చింది. పాత ప్రింటు చూసి పెరిగినవాళ్లకు నచ్చకపోవచ్చు. 2024లో వచ్చిన 4కే (బ్లూరే కన్నా ఎక్కువ చుక్కలుండే) డిస్కులో ఇంకా ముందుకెళ్లి కంప్యూటర్ సాయంతో బొమ్మను పదును పెట్టించారు. కొన్ని దగ్గరి షాట్లలో ముఖాలు మైనం బొమ్మల్లా ఉన్నాయని గోల లేచింది, కామెరాన్ ఆ గోల చేసినవాళ్ల మీద విసుక్కున్నారు కూడా. మొదటి సినిమా 4కే కథ వేరు. 2019లో, నలభయ్యో ఏట, అసలు నెగెటివ్ నుంచి తీసిన బొమ్మ అది. 4కే ప్లేయరు, టీవీ రెండూ ఉన్నవాళ్లు ఆ ఒక్కటి విడిగా కొనుక్కోండి, కళ్లకు పండగే. అది కొన్నా, మిగిలిన మూడింటి కోసం పెట్టె కావాల్సిందే.

ఇప్పుడు మూడో సినిమా దగ్గరికి వద్దాం. చూడనివాళ్లు ఈ రెండు పేరాలూ దాటేయండి, కథ బయటపెడుతున్నాను.

ఫించర్‌కి అది మొదటి సినిమా. స్క్రిప్టు పూర్తి కాకుండానే షూటింగ్, రోజూ స్టూడియోతో గొడవ, చివరికి ఎడిటింగ్ ఆయన చేతుల్లోంచి పోయింది. తర్వాత ఆయన ఆ సినిమా ఊసెత్తడానికే ఇష్టపడలేదు. 2003లో పెట్టె తయారు చేస్తూ పిలిచినా రానన్నారు. దాంతో ఆయన లేకుండానే పాత కూర్పు ఆధారంగా ‘అసెంబ్లీ కట్’ అని ఒకటి పేర్చారు. థియేటర్లో ఆడింది 114 నిమిషాలు, ఇది 145. అరగంట ఎక్కువ అంటే అక్కడక్కడా నాలుగు సీన్లు అతికించడం అనుకోకండి, సినిమాయే మారిపోతుంది. థియేటర్ కూర్పులో, రిప్లీ చిక్కుకున్న జైలులోని ఖైదీలు ఆ ప్రాణిని బంధించడానికి నానా తంటాలు పడతారు, అది మాత్రం చిక్కదు. అసెంబ్లీ కట్‌లో దాన్ని నిజంగానే గదిలో పెట్టి తలుపు బిగిస్తారు. అప్పుడు గోలిక్ అనే మతిచలించిన ఖైదీ, దాన్ని దేవుడిలా కొలుస్తున్నవాడు, పోయి తలుపు తీస్తాడు. థియేటర్లో చూసినవాళ్లకు ఆ గోలిక్ సగంలో ఎటు పోయాడో కూడా తెలియదు! ప్రాణి పుట్టేది కూడా అక్కడ కుక్కలోంచి, ఇక్కడ ఎద్దులోంచి.

తేడా వచ్చేది ఇక్కడే. 2003 డీవీడీలో ఈ కలిపిన సీన్లు రాగానే శబ్దం పడిపోతుంది. షూటింగ్‌లో సెట్టు మీద పట్టిన ముడి ఆడియోనే వేశారు. వెనకాల యంత్రాల హోరు, మాటలు గోడ అవతల నుంచి వినపడ్డట్టు. అర్థం కాదని అక్కడ సబ్‌టైటిల్స్ వేసుకున్నారు. నిమిషం క్రితం దాకా గదంతా దద్దరిల్లిన సౌండు, హఠాత్తుగా చెవుల్లో దూది కుక్కినట్టు అయిపోతే కథలోంచి బయటికి వచ్చేస్తాం. బావగారైతే ప్రతిసారీ “స్పీకర్ వైరు ఊడిందేమో చూడు” అనేవారు. 2010 బ్లూరే కోసం నటుల్లో కొందరిని పిలిచి ఆ మాటలు మళ్లీ చెప్పించారు, శబ్దమంతా కొత్తగా కలిపారు. పద్దెనిమిదేళ్ల తర్వాత అదే పాత్రకు అదే గొంతు! ఇప్పుడు ఏది పాత సీనో ఏది కలిపిన సీనో చెవికి తెలియదు. నేను ‘ఏలియన్ 3’ని మొదటిసారి ఒక పూర్తి సినిమాలా చూసింది ఆ రోజే. వెలిసిపోయిందనుకున్న పాత ఫొటోని కడిగి ఆరేసినట్టు అనిపించింది.

ఇంకొకటి. చార్లెస్ డి లాజిరికా ఈ నాలుగు సినిమాల తయారీ మీద తీసిన డాక్యుమెంటరీలు సినిమాలకు ఏమాత్రం తీసిపోవు. మూడో సినిమా డాక్యుమెంటరీలో స్టూడియోకూ ఫించర్‌కూ మధ్య రగడ అంతా ఉంది. 2003లో ఆ స్టూడియోనే కదా పెట్టె అమ్మేది, ఘాటైన చోట్ల కత్తెర వేశారు. ఆంథాలజీలో కత్తిరించినవి వెనక్కి పెట్టారు, ‘రెకేజ్ అండ్ రేజ్’ అనే పేరుతో. తమ పరువు తీసే సినిమాని తామే డిస్కు మీద వేసి అమ్మిన స్టూడియోలు ఎన్ని ఉంటాయి! ఆరు డిస్కుల్లో నన్నొకటి ఉంచుకోమంటే ఆ డాక్యుమెంటరీ ఉన్న అయిదోది ఉంచుకుంటానేమో. ఒక్క మాట, ఈ డాక్యుమెంటరీలు బ్లూరేలోనూ డీవీడీ స్థాయి బొమ్మతోనే ఉన్నాయి. హెచ్‌డీ ఆశించకండి.

మిగతావి గబగబా. ‘ఏలియన్స్’ పొడుగు కూర్పు 154 నిమిషాలు. రిప్లీ 57 ఏళ్లు నిద్రలో ఉండగా కూతురు ముసలిదై పోయిందని తెలిసే సీను అందులోనే ఉంది, అది లేకపోతే న్యూట్ అనే పిల్లతో ఆమె బంధం సగమే. ‘ఏలియన్’ 2003 కూర్పు అసలు దానికన్నా నిమిషం తక్కువ. డైరెక్టర్స్ కట్ అని పేరు పెట్టినా, స్కాట్ తనకు 1979 నాటిదే ఇష్టమన్నారు, నాకూ అదే. ‘రిసరెక్షన్’కి ఏ కూర్పైనా ఒకటే, నా వరకు. ఇవన్నీ రెండు పెట్టెల్లోనూ ఉన్నాయి. దర్శకులు, నటుల వ్యాఖ్యానాలు కూడా రెండింటిలోనూ అవే. మొదటి సినిమా వ్యాఖ్యానంలో వినపడే జాన్ హర్ట్, హ్యారీ డీన్ స్టాంటన్, రెండో దాంట్లో బిల్ పాక్స్‌టన్, ముగ్గురూ 2017లో పోయారు. ఆ సరదా కబుర్లు ఇప్పుడు వింటుంటే గొంతు పట్టేస్తుంది. సంగీతం ఇష్టమైనవాళ్లకు బ్లూరేలో అదనపు లాభం ఉంది. జెర్రీ గోల్డ్‌స్మిత్ మొదటి సినిమాకు రాసిన బాణీల్లో కొన్నింటిని తీసేసి, ఆయనే వేరే సినిమాకు చేసిన పాత ముక్కలు వాడారు. ఆయన అసలు అనుకున్న సంగీతాన్ని విడి ట్రాకుగా ఇక్కడ వినొచ్చు.

తెలుగు ఆడియో గానీ, తెలుగు సబ్‌టైటిల్స్ గానీ రెండింట్లోనూ లేవు. ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి చూడాలనుకుంటే పక్కన కూచుని మీరే కథ చెప్పుకోవాలి.

మరి క్వాడ్రిలజీ ఎవరికి? ఇంట్లో డీవీడీ ప్లేయరో పాత ల్యాప్‌టాప్ డ్రైవో తప్ప ఇంకేమీ లేనివాళ్లకి, కొత్త ప్లేయర్ కొనే ఉద్దేశం లేనివాళ్లకి. అప్పుడూ ఇంగ్లండ్ ముద్రణ కన్నా అమెరికాదే చూసుకోండి. ఇంగ్లండ్‌ది పాల్ అనే టీవీ పద్ధతి, సెకనుకు 24 ఫ్రేముల సినిమాని 25కి తోస్తారు. 117 నిమిషాల ‘ఏలియన్’ 112 నిమిషాల్లో అయిపోతుంది, గొంతులు కూడా పిసరంత సన్నబడతాయి. కాకపోతే అమెరికాది ఆడాలంటే నాలాగే రీజియన్ పట్టింపు లేని ప్లేయర్ ఉండాలి. బ్లూరేకి కూడా రీజియన్లున్నాయి, మనది సి, అమెరికాది ఏ. కొనే ముందు ఆ ముద్రణ మీ ప్లేయర్లో ఆడుతుందా అని అమ్మేవాణ్ని అడిగి తేల్చుకోండి. బ్లూరే ప్లేయర్ లేదే అని దిగులుపడేవాళ్లు ఇంట్లో పిల్లల గేమ్ మెషీన్ ఒకసారి చూసుకోండి. డిస్క్ పెట్టే చీలిక ఉన్న ప్లేస్టేషన్ 3, 4, 5 ఏదైనా బ్లూరే ఆడిస్తుంది.

ఆంథాలజీ సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే, పెట్టె రాగానే అందం చూస్తూ కూచోకుండా మూడో డిస్క్ తీసి వెలుతురుకు పెట్టి గీతలు చూడండి. తర్వాత అసెంబ్లీ కట్ ఎంచుకుని, గోలిక్ తలుపు తీసే దగ్గరికి పోయి ఆడించండి. బొమ్మ ఆగకుండా, మాట తెగకుండా అది దాటితే అమ్మినవాడికి మంచి రేటింగ్ ఇచ్చేయొచ్చు.