నర్సింగ్ హోమ్ సిబ్బందికి బిహేవియరల్ హెల్త్ శిక్షణ: ఆన్‌లైన్ పాఠమా, క్లాసా, మంచం పక్కన నేర్పడమా?

అమెరికాలో నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్లో డాక్టరుగారి చిన్న ఆసుపత్రి లాంటిది కాదు. సొంతంగా పనులు చేసుకోలేని పెద్దవాళ్లు, డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముదిరినవాళ్లు ఏళ్ల తరబడి ఉండే చోటు. నేను అలాంటి ఒక చోట నర్సుగా చేస్తూ, సిబ్బంది ట్రైనింగ్ కూడా చూసుకుంటున్నాను. అందులో ఒకటి బిహేవియరల్ హెల్త్, అంటే అక్కడ ఉండేవాళ్ల మానసిక జబ్బులు, ప్రవర్తన ఇబ్బందుల సంగతి. మా దగ్గర సిబ్బందికి ఎక్కువగా దెబ్బలు తగిలేది స్నానాల గదిలో.

కొన్నేళ్ల కిందట గుంటూరు వైపు పెద్దావిడ ఒకరు మా దగ్గర చేరారు. జబ్బు ముదిరే కొద్దీ తర్వాత నేర్చుకున్న ఇంగ్లిష్ జారిపోయి తెలుగు ఒక్కటే మిగిలింది. షవర్ రోజు వచ్చిందంటే చాలు, సీఎన్‌ఏల (స్నానం, బట్టలు లాంటి పనుల్లో సాయపడే నర్స్ ఎయిడ్‌ల) చేతులు రక్కేసేవారు. చార్టులో రోజూ ఒకటే మాట: ‘స్నానానికి ఒప్పుకోవడం లేదు, కొడుతున్నారు.’ ఆ సీఎన్‌ఏలందరూ ఆ ఏడాది డిమెన్షియా ఆన్‌లైన్ కోర్సు పూర్తి చేసినవాళ్లే. అందరికీ మంచి మార్కులే వచ్చాయి.

ఒకరోజు నేనూ ఆ గదిలోకి వెళ్లి నిలబడ్డాను. గౌను మొత్తం తీసేయగానే ఆవిడ రెండు చేతులూ గుండెల మీద అడ్డం పెట్టుకుని, “సిగ్గు లేదూ మీకు!” అని అరిచారు. అక్కడున్నవాళ్లలో ఆ మాట అర్థమైంది నాకొక్కదానికే. మన అమ్మమ్మలు లంగా గుండెల మీదికి కట్టుకుని నీళ్లు పోసుకున్నవాళ్లు. జీవితమంతా అలా గడిపిన మనిషిని నగ్నంగా కుర్చీలో కూర్చోబెట్టి, పైనుంచి నెత్తిమీద షవర్ తిప్పాం. మర్నాటి నుంచి పెద్ద టవల్ చంకల కింద నుంచి చుట్టి కొస దోపాం. షవర్ కట్టేసి బకెట్, మగ్గు పెట్టాం. మొదట పాదాల మీద పోసి, వేడి సరిపోయిందో లేదో ఆవిడనే చూడమన్నాం. “నీళ్లు పోసుకుందామా అమ్మా?” అనడం సీఎన్‌ఏకి నేర్పాను. మూడో స్నానానికి మగ్గు ఆవిడే అందుకున్నారు.

ట్రైనింగ్ డబ్బు ఎక్కడ పెట్టాలని మీటింగ్ జరిగిన ప్రతిసారీ నాకు ఆ గదే గుర్తొస్తుంది.

రూలు చెప్పేది కొంతే. ఫెడరల్ నిబంధన ప్రకారం నర్స్ ఎయిడ్‌కి మొదట్లో కనీసం 75 గంటల శిక్షణ ఉండాలి, ఆ తర్వాత ఏటా 12 గంటలకు తగ్గకూడదు. అందులో డిమెన్షియా కేర్ తప్పనిసరి. బిహేవియరల్ హెల్త్ శిక్షణ వేరే నిబంధనగా ఉంది, ప్రభుత్వ తనిఖీల (సర్వేల) భాషలో ఎఫ్-949. దానికి ఇన్ని గంటలని లెక్క లేదు. మీ దగ్గర ఎలాంటి రెసిడెంట్లు ఉన్నారో చూసుకుని, దాన్నిబట్టి ఏం నేర్పాలో మీరే తేల్చుకోవాలంటుంది. డిమెన్షియాతో పాటు డిప్రెషన్, స్కిజోఫ్రేనియా, మత్తుమందుల అలవాటు, పాత మానసిక గాయాల భయాలు అన్నీ దీని కిందికే వస్తాయి. ఇలా ఎంచుకునే స్వేచ్ఛ ఉండబట్టే చాలాచోట్ల అన్నిటికన్నా చవకైనది ఎంచుకుంటారు.

అది ఆన్‌లైన్ మాడ్యూల్. దాన్ని పూర్తిగా తీసిపారేయను. ఏడాదిలో సగం దాకా సిబ్బంది మారిపోయే ఈ రంగంలో, కొత్తగా చేరిన మనిషికి మొదటి వారంలోనే డెలీరియం (హఠాత్తుగా వచ్చే అయోమయం) అంటే ఏంటి, డిమెన్షియా అంటే ఏంటి అని చెప్పడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు. రికార్డు దానంతటదే తయారవుతుంది, సర్వేయర్ అడిగితే చూపించవచ్చు. కానీ చూసే తీరు మాత్రం మనకు తెలిసిందే. డ్యూటీ మధ్యలో, ఒక చెవి రెసిడెంట్లు పిలిచే కాల్ లైట్ మీద పెట్టి, నెక్స్ట్ నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోతారు. చెయ్యి రక్కించుకున్న రోజు అది ఒక్క ముక్క కూడా గుర్తుకు రాదు.

రోజంతా కూర్చోబెట్టి చెప్పే క్లాసు దీనికన్నా నయం, ముఖ్యంగా మానసిక జబ్బుల విషయంలో. 2000లో ఆస్ట్రేలియాలో మొదలైన మెంటల్ హెల్త్ ఫస్ట్ ఎయిడ్ ఇలాంటిదే. “మీకు చనిపోవాలనిపిస్తోందా?” అని ఒక మనిషిని ముఖం మీద అడగడం స్క్రీన్ చూస్తే రాదు. పక్కనున్న సహోద్యోగిని అడిగి నోరు అలవాటు చేసుకోవాలి. మొదటిసారి అడిగేటప్పుడు అందరి గొంతూ వణుకుతుంది, టెన్షన్ పడతారు, రెండోసారి కుదురుకుంటుంది. వయసులో చిన్నవాళ్లు, స్కిజోఫ్రేనియా ఉన్నవాళ్లు, ఓపియాయిడ్ మత్తుమందుల అలవాటు నుంచి బయటపడుతున్నవాళ్లు మీ దగ్గర ఎక్కువైతే ఈ క్లాసు ఖర్చుకు వెనకాడవద్దు. డిమెన్షియా పాఠాలతో వాళ్లకు జరిగే మేలు తక్కువ. ఇబ్బంది ఏమిటంటే, ఎనిమిది మందిని ఒకరోజు ఫ్లోర్ మీంచి తీస్తే వాళ్ల పని ఎవరు చేస్తారు? చివరికి వెళ్లేది పగటి షిఫ్ట్ వాళ్లు, అందులోనూ నర్సులు. దెబ్బలు తినేది సీఎన్‌ఏలు.

మూడోది వీడియోలో నిపుణులతో కేసు చర్చ. 2003లో న్యూ మెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా హెపటైటిస్-సి కోసం మొదలుపెట్టిన ఎకో పద్ధతి ఇది. నర్సింగ్ హోమ్ వాళ్లు తమ రెసిడెంట్ కేసు చెబుతారు. అవతల జెరియాట్రిక్స్ (వృద్ధుల వైద్యం) డాక్టరు, సైకియాట్రిస్టు, సోషల్ వర్కర్ వింటారు. బోస్టన్‌లోని ఒక పెద్ద ఆసుపత్రి డిమెన్షియా కోసం ఇలాగే నడిపింది. ఆ చర్చల్లో పాల్గొన్న నర్సింగ్ హోమ్‌లలో, పాల్గొనని వాటితో పోలిస్తే, రెసిడెంట్లను కట్టి ఉంచే అవకాశం 75 శాతం, స్కిజోఫ్రేనియా లాంటి జబ్బులకిచ్చే యాంటీసైకోటిక్ మందులు రాసే అవకాశం 17 శాతం తక్కువని 2016లో వచ్చిన అధ్యయనం చెప్పింది. డిమెన్షియా ఉన్న వృద్ధులకు ఈ మందుల్లో కొత్త తరంవాటిని ఇస్తే మరణించే ముప్పు పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే అతి తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది కాబట్టి ఇది చిన్న తేడా కాదు.

నాలుగోది ఫ్లోర్ మీదే, మంచం పక్కనే నేర్పడం. నా ఓటు దీనికే. డైస్ అనే పద్ధతి దీనికి బాగా అతుకుతుంది: జరిగింది జరిగినట్టు వర్ణించడం, కారణం వెతకడం, ఉపాయం వేయడం, పనిచేసిందో లేదో చూడటం. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. మొదటి మెట్టు దగ్గరే సగం మంది తడబడతారు. ‘ఆందోళనగా ఉన్నారు’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ‘సాయంత్రం నాలుగింటి నుంచి తలుపు దగ్గర నిలబడి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, ఎవరైనా పట్టుకుంటే తోసేస్తున్నారు’ అని రాస్తే, ఆ పొట్ట సంగతి చూద్దామని ఎవరికైనా తడుతుంది. నాలుగు రోజులుగా విరేచనం కాలేదని అప్పుడు బయటపడుతుంది. నొప్పి, మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, వినపడకపోవడం, ఆకలి: నేను చూసిన చాలా గొడవల అడుగున వీటిలో ఒకటుంది.

ఇంగ్లండ్‌లో 69 కేర్ హోమ్‌లలో చేసి 2018లో ప్రచురించిన ఒక పరిశోధన ఈ దారినే నడిచింది. హోమ్‌కి ఇద్దరు సిబ్బందిని ఎంచుకుని, నెలల తరబడి వెంట ఉండి నేర్పి, మిగతావాళ్లకు వాళ్లచేత చెప్పించారు. రెసిడెంట్ల జీవన నాణ్యత మెరుగుపడింది, ఆందోళన తగ్గింది.

దీనికీ లోపాలున్నాయి. నేర్పే మనిషి మంచివారైతేనే పని జరుగుతుంది. “చెయ్యి గట్టిగా పట్టుకో, అదే ఊరుకుంటుంది” అనే సీనియర్ చేతిలో పడితే కొత్తవాళ్లకు అదే వస్తుంది. నేర్పేవారు ఉద్యోగం మారితే రెండు నెలల్లో అంతా మొదటికొస్తుంది. రికార్డు కూడా దానంతటది పుట్టదు. అందుకే మేం ఒక నోటుబుక్ పెట్టాం: తేదీ, మాట్లాడుకున్న కేసు, నేర్చుకున్న విషయం, అందరి సంతకాలు.

మందులు తగ్గాయన్న అంకె చూసి శిక్షణ బాగుందనుకోవద్దు. అమెరికా నర్సింగ్ హోమ్‌లలో దీర్ఘకాలం ఉండే రెసిడెంట్లలో యాంటీసైకోటిక్ వాడకం 2011 చివర్లో 23.9 శాతం ఉండేది, పదేళ్లలోపే 15 శాతం కిందికి వచ్చింది. నిజమైన మార్పు చాలానే జరిగింది. కానీ స్కిజోఫ్రేనియా ఉన్నవాళ్లను ఈ లెక్కలో కలపరు. ఆ జబ్బు లేనివాళ్లకు కూడా ఉన్నట్టు రాసేస్తున్నారన్న అనుమానంతో 2023లో నర్సింగ్ హోమ్‌లను పర్యవేక్షించే ఫెడరల్ సంస్థ సీఎంఎస్ ఆడిట్లు మొదలుపెట్టింది. నేనైతే స్నానాల గదిలో తగిలిన దెబ్బల లెక్క చూస్తాను.

చిన్న హోమ్, తక్కువ డబ్బు ఉన్నవాళ్లకు నా సలహా: రూలు కోసం అవసరమైన ఆన్‌లైన్ పాఠాలు ఉంచండి, అంతకు మించి కొనవద్దు. మిగిలిన గంటలను షిఫ్ట్ మారేటప్పుడు 10 నిమిషాల హడిల్‌గా, అంటే అందరూ గుమిగూడి మాట్లాడుకునే చిన్న సమావేశంగా మార్చండి. రోజుకో రెసిడెంట్ గురించి మాట్లాడండి. వారం గడిచినా చిక్కు వీడని కేసును వీడియో చర్చకు తీసుకెళ్లండి, అందులో సీఎన్‌ఏని కూడా కూర్చోబెట్టండి. హైదరాబాద్, విజయవాడల్లో వృద్ధాశ్రమాలు నడిపేవాళ్లూ ఇలాగే మొదలుపెట్టవచ్చు. కంప్యూటర్ అక్కర్లేదు, నోటుబుక్ చాలు.

ఇన్నాళ్లూ మేం రాత్రి షిఫ్ట్‌ని వదిలేశాం. ఈ నెల నుంచి రాత్రి 11:15కి కూడా హడిల్ పెడుతున్నాం. మొదటి రాత్రి మాట్లాడుకున్నది తెల్లవారుజామున మూడింటికే లేచి తలుపులన్నీ తోసే తాతగారి గురించి. ఆయన 40 ఏళ్లు బేకరీలో పనిచేశారట. రాత్రి సీఎన్‌ఏకి ఆ సంగతి ఎప్పటినుంచో తెలుసు. పగటివాళ్లం, మాలో ఒక్కరికీ తెలియదు.