అమెరికా ప్రభుత్వ వ్యవస్థపై ఒక ఆన్‌లైన్ కోర్సు: నా సమీక్ష

తొలిసారి చదివేవారి కోసం రూపొందించిన ఈ కోర్సులో నాకు బాగా నచ్చినది అధికార విభజనను వివరించిన తీరు. అధ్యక్షుడు వీటో చేసిన బిల్లును కాంగ్రెస్ ఉభయ సభలూ మూడింట రెండు వంతుల మెజారిటీతో తిరిగి ఆమోదించి చట్టం చేయవచ్చన్న విషయాన్ని, ఒక బిల్లు ప్రయాణాన్ని అడుగడుగునా చూపిస్తూ బోధించారు. 1803 నాటి మార్బరీ వర్సెస్ మాడిసన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో న్యాయసమీక్షాధికారం (రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టాలను కోర్టులు కొట్టివేసే అధికారం) ఎలా స్థిరపడిందో చెప్పిన పాఠాన్ని నేను రెండుసార్లు విన్నాను. రాజ్యాంగంలో ఆ మాట ఎక్కడా లేదన్న సంగతి నాకు అక్కడే తెలిసింది.

రాష్ట్రాల తరఫున అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ప్రతినిధుల (ఎలక్టర్ల) బృందమైన ఎలక్టోరల్ కాలేజీపై పాఠం మాత్రం నిరాశపరిచింది. 538 ఎలక్టోరల్ ఓట్లలో 270 వస్తే గెలుపని చెప్పి ఊరుకున్నారే తప్ప, దేశవ్యాప్తంగా ఎక్కువ ఓట్లు పొందిన అభ్యర్థులు 2000లోనూ 2016లోనూ ఎందుకు ఓడిపోయారో వివరించలేదు. మెయిన్, నెబ్రాస్కా మినహా రాష్ట్రాలన్నీ తమ ఎలక్టర్లందరినీ అక్కడ గెలిచినవారికే ఇస్తాయన్న కీలకాంశాన్ని ఆ పాఠంలో తప్పక చేర్చాలి.