క్లాసిక్ మినీ ముందు సస్పెన్షన్: బాగు చేశాక నాలుగేళ్ల అనుభవం

నా పాత మినీ (బ్రిటిష్ చిన్న కారు) ముందు సస్పెన్షన్ మొత్తం విప్పి, అరిగినవన్నీ మార్చి నాలుగేళ్లయింది. ఈలోగా బండి 26 వేల కిలోమీటర్లు తిరిగింది. కొత్త భాగాలు వేసిన వారం ఏ బండైనా హాయిగానే ఉంటుంది, అందుకే అప్పుడు ఏమీ రాయలేదు. ఏది నిలిచిందో, ఏది మళ్లీ విప్పాల్సి వచ్చిందో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

అప్పటి పరిస్థితి ఇది: బ్రేకు వేస్తే బండి ఎడమకి లాగేది. చిన్న గతుకు తగిలినా ముందు నుంచి కీచుమనేది. ఎడమ టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోయింది. బండి ముందు భాగం బాగా కుంగింది. చూసినవాళ్లందరూ ఒకటే మాట అన్నారు: రబ్బరు కోన్లు పోయాయి, తీసేసి కాయిల్ స్ప్రింగులు వేయించు అని.

నాకు ఆ పని చేయబుద్ధి కాలేదు. 1959లో డిజైనర్ అలెక్ ఇసిగోనిస్ ఈ కారును 10 అంగుళాల చక్రాల మీద నిలబెట్టినప్పుడు, చోటు కలిసిరావాలని స్ప్రింగుల బదులు ఇంజనీరు అలెక్స్ మౌల్టన్ రూపొందించిన రబ్బరు కోన్లు వాడారు. రబ్బరు నొక్కుకునేకొద్దీ గట్టిపడుతుంది. అందుకే ఒక్కరే ఉన్నా, నలుగురు ఎక్కినా ఈ చిన్న బండి తట్టుకుంటుంది. మలుపులో దానికి ఉన్న పట్టు కూడా కొంతవరకు అక్కడి నుంచే వస్తుంది. ద్రవం నింపిన హైడ్రోలాస్టిక్ మినీలూ 1964 నుంచి కొన్నేళ్లు వచ్చాయి. వాటిలో ఈ కోన్లు ఉండవు.

విప్పి చూస్తే కోన్లు నిజంగానే కుంగాయి. కానీ బండి నడకను పాడుచేసింది అవి కాదు, చక్రాన్ని బండికి కలిపే పై ఆర్మ్ బేరింగులు. ఆ ఆర్మ్ ఒక షాఫ్టు మీద, రెండు నీడిల్ బేరింగుల (సూదుల్లాంటి సన్నటి రోలర్లు ఉండేవి) మీద ఊగుతుంది. గ్రీజు అందక సూదులు షాఫ్టులో గాడులు కోసేశాయి, తుప్పు ఎర్రటి పొడిలా రాలింది. గ్రీజు నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతి) ఉంది, గ్రీజు గన్ పెడితే పట్టుకుంటుంది కూడా, కానీ లోపలి దారి ఎండిన గ్రీజుతో మూసుకుపోయింది. బయటి నుంచి చూస్తే గ్రీజు కొట్టినట్టే ఉంటుంది, లోపలికి చుక్క కూడా వెళ్లదు. అందుకే ఇప్పుడు గ్రీజు కొట్టేటప్పుడు ఆర్మ్ చివర్ల నుంచి కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా ఆపను. బేరింగులు మాత్రమే మార్చి పాత షాఫ్టు ఉంచితే పని వృథా. రెండూ కలిపే మార్చాలి.

కోన్ల విషయంలో ఒక్క హెచ్చరిక. కోన్‌ను నొక్కి పట్టే టూల్ లేకుండా ఈ పనికి దిగకండి. నొక్కుకుని ఉన్న రబ్బరు ఒక్కసారి వదిలితే చెయ్యి పోతుంది. పాత కోన్లలో ఇంచు మరలు, తర్వాతివాటిలో మెట్రిక్ మరలు ఉంటాయి. మీ కోన్‌కు సరిపోయే టూలే వాడాలి. కొత్త కోన్లు మొదటి కొన్ని నెలల్లో బాగా కుంగుతాయి. కోన్ దగ్గర కాస్త తగ్గినా చక్రం దగ్గర అది కొన్ని రెట్లుగా కనిపిస్తుంది. నేను తొందరపడి మొదటి వారంలోనే అలైన్‌మెంట్ చేయించాను, అదంతా మళ్లీ చేయించాల్సి వచ్చింది. కోన్లు కుదురుకున్నాకే ఎత్తు చూసుకుని, ముందు చక్రాలు కొద్దిగా బయటికి తిరిగి ఉండేలా సెట్ చేయిస్తే చాలు. ఆ తర్వాత నాలుగేళ్లూ టైర్లు సమానంగా అరిగాయి.

చక్రం దగ్గరి బాల్ జాయింట్లకు (చక్రం ఊగి, తిరిగే గుండ్రటి కీళ్లకు) ఓపిక కావాలి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ప్లే (వదులు) తెలిసింది. అదే సమయంలో ఇంకొకరిని బ్రేకు తొక్కమన్నాను. అయినా ప్లే తగ్గలేదు. తగ్గి ఉంటే తప్పు వీల్ బేరింగ్‌ది అయ్యేది. ఈ జాయింట్లలో షిమ్‌లు (పలుచటి రేకు ముక్కలు) ఉంటాయి. షిమ్ ఎక్కువైతే ప్లే మిగులుతుంది, తక్కువైతే స్టీరింగ్ బిగుసుకుంటుంది. ఒక్కో జాయింట్‌కు నాలుగైదుసార్లు బిగించి విప్పాను. ఆ ఒక్క సాయంత్రం పెట్టిన శ్రమకు స్టీరింగ్ ఇప్పటికీ ఫలితం చూపిస్తోంది, ఇంతవరకూ వాటిలో ప్లే లేదు.

బుష్‌ల (కీళ్ల దగ్గర వేసే మెత్తటి తొడుగుల) దగ్గర రెండు తప్పులు చేశాను. మొదట కింది ఆర్మ్‌కు రబ్బరు బుష్‌లు వేసి, బండి జాకీ మీద ఉండగానే, చక్రాలు గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించేశాను. బండి కిందికి దిగగానే రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోయింది, ఏడాది తిరగకుండానే చిరిగింది. చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చేయాలి. రెండో తప్పు, కింది ఆర్మ్‌ను ముందు ఫ్రేముకు కట్టి ఉంచే టై రాడ్‌కు, రబ్బరు కంటే గట్టిగా ఉండే పాలీయూరిథేన్ బుష్‌లు వేయడం. బ్రేకు వేసినప్పుడు బండి తిన్నగా ఆగింది కానీ, ప్రతి గతుకూ స్టీరింగ్‌లోకి కొట్టింది. మూడు నెలలకే తీసేసి మామూలు రబ్బరువి వేశాను, లాగడం మళ్లీ రాలేదు. కింది ఆర్మ్‌కు మాత్రం ఇప్పుడు పాలీయే ఉంది. అక్కడ గట్టిదనం ఇబ్బంది పెట్టలేదు, చక్రం నిలువు కుదురుగా ఉంటోంది.

షాకర్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మామూలువే వేశాను, బాగానే ఉన్నాయి.

కీచుమనే శబ్దం నకిల్ జాయింట్‌ది, అంటే కోన్‌కీ పై ఆర్మ్‌కీ మధ్య ఉండే కీలుది. గుండ్రటి తల నైలాన్ కప్పులో తిరుగుతుంది. దాని మీది రబ్బరు బూటు (తొడుగు) చిరిగితే గ్రీజు పోయి, దుమ్ము చేరి, ఎండిపోయి అరుస్తుంది. కొత్తవి వేశాక దాదాపు నాలుగేళ్లు చప్పుడే లేదు. కిందటి నెల కుడివైపు మళ్లీ సన్నగా మొదలైంది, చూస్తే బూటుకు పగులు. జాయింట్ తల మీద గీతలు లేవు. బూటు మార్చి, కప్పు శుభ్రంగా తుడిచి గ్రీజు నింపాక శబ్దం పోయింది. ఇంతవరకూ ఒక్కో వైపు మూడు నిపుల్స్‌కీ 5 వేల కిలోమీటర్లకొకసారి గ్రీజు కొడుతున్నాను. ఇక మీదట గ్రీజు గన్ పట్టిన రోజునే ఈ బూట్లను కూడా టార్చి వేసి చూస్తాను.