స్థానిక రాక్ రేడియో: సొంత యజమానా, పెద్ద గ్రూపా?

కెనడాలోని క్యుబెక్ నగరంలో షోయి ఎఫ్‌ఎం 98.1 ఫ్రెంచ్‌లో రాక్ పాటలు, ఘాటైన మాటలతో పేరు తెచ్చుకున్న స్టేషన్. ఒకప్పుడు దీన్ని జెనెక్స్ అనే స్థానిక కంపెనీ నడిపేది. 2006లో ఆర్‌ఎన్‌సీ మీడియా గ్రూపు చేతికి వెళ్లింది.

ఖర్చు: సొంత యజమాని ప్రకటనల ఆదాయం మీదే బతకాలి. గ్రూపుకు అకౌంట్స్, ప్రకటనల టీమ్ ఖర్చు చాలా స్టేషన్లకు పంచుకుపోతుంది. కానీ స్టేషన్ కొనేటప్పుడు కెనడా ప్రసారాల నియంత్రణ సంస్థ సీఆర్‌టీసీ అనుమతి కావాలి. సాధారణంగా డీల్ విలువలో కనీసం 6 శాతం, ఎక్కువగా సంగీత రంగానికి, ఇవ్వాలి.

రిస్క్: అసలు తేడా ఇక్కడే ఉంది. మైకు ముందు మాట్లాడినవాళ్ల మాటలపై ఫిర్యాదులు పెరిగి, 2004లో సీఆర్‌టీసీ షోయి లైసెన్సు రెన్యూ చేయలేదు. వేలమంది శ్రోతలు వీధుల్లోకి వచ్చారు, కేసు కోర్టులకెక్కింది. ఉన్న ఒక్క లైసెన్సు పోతే చిన్న కంపెనీకి మిగిలేదేముంది? గ్రూపు ఆ దెబ్బను తట్టుకోగలదు. అయితే ఊరి గొంతును మెత్తబరిచే ప్రమాదం కూడా గ్రూపుతోనే ఎక్కువ. నాకు ఎక్కువ బెంగ దాని గురించే.

పాటలు: ఇద్దరికీ ఒకటే రూలు. వారానికి కనీసం 65 శాతం గాత్ర గీతాలు ఫ్రెంచ్‌వే ఉండాలి. రాక్ స్టేషన్‌కు అది తేలిక కాదు.

అప్పుల్లేకుండా, ఊళ్లో ప్రకటనలు నిలకడగా దొరికితే సొంత యజమానే మేలు. లైసెన్సు గొడవలో ఉంటే గ్రూపుకు అమ్మడమే నయం, కానీ స్థానిక న్యూస్‌రూమ్ ఉంచుతామని ముందే రాయించుకోవాలి.