లె మాన్ గెలిచిన 59వ నంబరు మెక్‌లారెన్ నమూనా: గేర్ లివర్ ఒక్కటి సరిగా పెట్టి ఉంటే!

ముందు మార్కులు వేసేస్తాను. బాడీకి తొమ్మిది, ఇంజిన్‌కు ఏడు, గేర్ లివర్‌కు సున్నా. విజయవాడ ఆటోనగర్‌లో లారీ గేర్‌బాక్సులు విప్పి బిగించడమే నా వృత్తి కనుక, ఆ సున్నా దగ్గర కోపం కాస్త ఎక్కువగానే కనిపిస్తుంది. ఓర్చుకోండి.

నేను కొన్నది మెక్‌లారెన్ ఎఫ్1 జీటీఆర్ కారుకు అసలులో పద్దెనిమిదో వంతు నమూనా. ఎఫ్1 అంటే ఇక్కడ ఫార్ములా వన్ కాదు, మెక్‌లారెన్ రోడ్డు కారు పేరు; జీటీఆర్ దాని పందెం రూపం. 1995 జూన్‌లో ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల పందెం గెలిచిన 59వ నంబరు కారు ఇది. తయారు చేసిన కంపెనీ పేరు రాయను, తిట్టబోతున్నాను కనుక. లోహపు బాడీ, రెండు తలుపులూ వెనక ఇంజిన్ మూతా తెరుచుకుంటాయి. దిగుమతి సుంకంతో కలిపి ఇరవై వేలు దాటింది. అంత డబ్బు తీసుకున్నవాడిని భూతద్దం పెట్టి ప్రశ్నించవచ్చు.

బాడీకి తొమ్మిది ఎందుకంటే, ఈ కారు కథంతా దాని ఆకారంలోనే ఉంది. ఆ సంగతి అచ్చు చేసినవాడికి బాగా తెలుసు. ఎఫ్1ను పందేల కోసం తయారు చేయలేదు. గోర్డన్ మర్రే దాన్ని రోడ్డు మీద నడిపే కారుగానే గీశాడు. పందేలలో దింపాలన్న పట్టుదల కొనుగోలుదారులది. జర్మన్ బ్యాంకరు థామస్ బ్షెర్, బ్రిటన్ రేసరు రే బెల్మ్ వెంటపడి ఒప్పించారు. రోడ్డు కార్ల నుంచి పుట్టిన జీటీ కార్లు తలపడే బీపీఆర్ పందేల కోసం 1995కు తొమ్మిది జీటీఆర్‌లు తయారయ్యాయి. అందుకే ఆ ఏటి కారుకు కొత్త శరీరం లేదు. రోడ్డు కారుకే వెనక పెద్ద రెక్క, గాలి లోపలికి వెళ్ళడానికి అదనపు దారులు, లోపల రక్షణ పంజరం. నమూనాను పక్క నుంచి చూస్తే ఆ రోడ్డు కారు గీతలు చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. రెక్కను మాత్రమే వేరే ముక్కగా చేసి బిగించారు. అసలు కారులోనూ జరిగింది అదే కదా! తెలిసి చేశారో తెలియక చేశారో గానీ నాకు భలే నచ్చింది. తలుపు పైకెత్తితే ఎక్కడా ఊగిసలాట లేదు. ఎడమ తలుపు మూసినప్పుడు వెనక అంచు దగ్గర వెంట్రుకవాసి సందు మిగులుతుంది. మా పక్క షెడ్డులో టింకరింగ్ చేసే వీరన్న మామయ్య చూసి, "ఇంత చిన్నదానికి ఇంత పనితనమా!" అని రెండు సార్లు తెరిచి మూశాడు. ఆయన మెచ్చుకోవడం అరుదు.

ఇప్పుడు లోపలికి వెళ్దాం. ఈ కారులో డ్రైవరు సీటు మధ్యలో ఉంటుంది. రోడ్డు కారులో అటొకటి ఇటొకటి ప్రయాణికుల సీట్లు ఉండేవి; పందెం కారులో వాటిని తీసేశారు. నమూనాలో ఇదంతా సరిగానే ఉంది, సీటు పట్టీలకు నిజమైన గుడ్డ వాడారు. ఇంత శ్రద్ధ తీసుకున్న మనిషి గేర్ లివర్‌ను ఎడమవైపు ఎలా పెట్టాడు? అసలు కారులో అది డ్రైవరు కుడిచేతి పక్కన ఉంటుంది. ఇక్కడ ఎడమవైపు ఒక నల్లటి పుల్ల గుచ్చి వదిలేశారు. దానికి తల కూడా లేదు.

ఇది చిన్న విషయమని కొందరు అంటారు. కానేకాదు. 1995 పందెంలో చూడవలసిన భాగమే గేర్‌బాక్స్. అప్పటి జీటీఆర్‌లో ఉన్నది రోడ్డు కారు తరహా, చేత్తో అడ్డంగా నిలువుగా జరిపే ఆరు గేర్ల పెట్టె. ఒక రాత్రి, రెండు పగళ్ళ ముక్కలు కలిపి ఇరవై నాలుగు గంటలు. ప్రతి మలుపులోనూ క్లచ్ తొక్కి గేరు మార్చాలి. పందెంలో చాలాసేపు ముందున్న మరో మెక్‌లారెన్, 51వ నంబరు కారు, చివరి గంటల్లో క్లచ్ ఇబ్బంది పెట్టడంతోనే వెనకబడి మూడో స్థానంతో సరిపెట్టుకుంది. అందులో ఉన్నది ఆండీ వాలెస్, అప్పటికే లె మాన్ ఐదు సార్లు గెలిచిన డెరెక్ బెల్, ఆయన కొడుకు జస్టిన్. క్లచ్ పోయే ముందు కారు ఎలా మూలుగుతుందో నాకు తెలుసు. అలాంటి దానిని గమ్యం దాకా తెచ్చిన ఆ ముగ్గురికి మొక్కాలి.

59వ నంబరు నడిపినవాళ్ళు యానిక్ డాల్మాస్, జె.జె. లేటో, మసనోరి సెకియా. లాంజాంటే బృందం దాన్ని చూసుకుంది. పందెంలో ఎక్కువ భాగం వానే. జీటీ కార్ల కంటే వేగమైన, పందేల కోసమే చేసిన, పైకప్పు లేని ప్రోటోటైపులు గెలుస్తాయని అందరూ అనుకున్నారు. తడిసిన రోడ్డు మీద రాత్రి లేటో నడిపిన తీరు గురించి పందేలవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. మొత్తం 298 చుట్లు, అంటే నాలుగు వేల కిలోమీటర్లకు పైగా. రెండో స్థానంలో మారియో ఆండ్రెట్టి ఉన్న కరేజ్ ప్రోటోటైపు, ఒక్క చుట్టు వెనక. ఆ తర్వాత మూడు, నాలుగు, ఐదు స్థానాలు మళ్ళీ మెక్‌లారెన్‌లవే. లె మాన్ గెలిచిన తొలి జపానీయుడిగా సెకియా చరిత్రకెక్కాడు. ఆ కారుకు డబ్బు పెట్టినదీ జపాన్ ఆసుపత్రే. దాని పేరు తలుపుల మీద జపనీస్ అక్షరాల్లో ఉంటుంది. నమూనాలో ఆ అక్షరాల అంచులు భూతద్దం కింద కూడా చెదరలేదు.

రంగు గురించి ఒక ఫిర్యాదు. అసలు కారు ముదురు బూడిద కలిసిన నలుపు. వీళ్ళు పెళ్ళి కారులా నిగనిగలాడే నలుపు వేశారు. వానలో గెలిచిన కారును షోరూములో నిలబెట్టినట్టుంది.

ఇంజిన్ మూత ఎత్తితే బీఎండబ్ల్యూ పన్నెండు సిలిండర్ల ఇంజిన్ కనిపిస్తుంది. బీఎండబ్ల్యూ ఇంజనీరు పాల్ రోషే చేతి పని, 6.1 లీటర్లు, టర్బో లేదు. చాలామంది నమ్మని ముచ్చట ఒకటుంది: పందెం కారు బలం రోడ్డు కారు కంటే తక్కువ. రోడ్డు మీద 627 హార్స్‌పవర్, పందెంలో సుమారు 600. నిబంధనల ప్రకారం గాలి వెళ్ళే దారిని ఇరుకు చేసే రిస్ట్రిక్టర్లు బిగించాలి మరి. నమూనాలో పైపులు, తీగలు బాగానే ఉన్నాయి. ఎగ్జాస్టుకు మాత్రం ఒకే వెండి రంగు పూశారు. వేడెక్కిన ఎగ్జాస్టు ఎప్పుడూ ఆ రంగులో ఉండదు, అందుకే ఏడు మార్కులు.

1996 కారు నమూనా కొనకూడదా, 1997ది కొనకూడదా అని అడిగేవాళ్ళుంటారు. 1996లో కాస్త బరువు తగ్గించారు, ముక్కూ తోకా పొడిగించారు. జపాన్ జీటీ టైటిల్ డేవిడ్ బ్రాబమ్, జాన్ నీల్సన్ ఆ ఏడే తెచ్చారు. అయితే పోర్షే అదే సంవత్సరం 911 జీటీ1తో వచ్చింది. అది ముందు పందెం కోసం పుట్టి, రోడ్డు రూపం కూడా ఉండాలన్న నిబంధన కోసం రోడ్డెక్కిన కారు. మరుసటి ఏడు మెర్సిడెస్ కూడా అదే దారి పట్టింది. మెక్‌లారెన్ బదులుగా పొడవు తోక కారు చేసింది: 60 సెంటీమీటర్లకు పైగా ఎక్కువ పొడవు, 6 లీటర్లకు లోపు ఇంజిన్, లివర్‌ను ముందుకూ వెనక్కూ మాత్రమే జరిపితే గేర్లు వరుసగా మారే గేర్‌బాక్స్. 1997 లె మాన్‌లో రెండు, మూడు స్థానాలు తెచ్చుకుంది, ఓడిందన్న మాటే గానీ చిన్నతనం లేదు. అది అందమైన కారే, కాదనను. నా డబ్బుకు మాత్రం 1995దే కావాలి. అందులో రోడ్డు కారు ఇంకా బతికే ఉంది.

కొనేవాళ్ళకు రెండు మాటలు. పెట్టె రాగానే ఎడమ తలుపు తెరిచి మూసి చూడండి. సందు ఎక్కువగా ఉంటే వాపసు గడువులోపే తిప్పి పంపండి. మన ఎండలకు రబ్బరు టైర్లు మెత్తబడి కింది పలకకు అతుక్కుంటాయి. అందుకే పీఠం స్క్రూలు పూర్తిగా బిగించకుండా, టైర్లు పలకకు ఆనీ ఆననట్టు ఉంచండి. గేర్ లివర్‌ను కుడివైపుకు మార్చాలనుకుంటే, సన్నని పట్టకారుతో లాగితే ఊడి వస్తుంది. అతికించడానికి చాలా తక్కువ జిగురు చాలు. సీటు పట్టీల మీద పడకుండా చూసుకోండి, మరక పోదు.