ఎయిర్‌గన్ ఉంటే ఏ రాష్ట్రం మేలు: టెక్సాసా, న్యూజెర్సీనా, ఇల్లినాయా?

అమెరికాలో తరతరాలుగా పిల్లలకు కొనిపెట్టే బీబీ గన్ అనే చిన్న ఎయిర్‌గన్ ఒకటుంది, డైసీ రెడ్ రైడర్. కింది లివర్ లాగితే లోపల స్ప్రింగ్ బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే 0.177 అంగుళాల ఉక్కు గుండు సెకనుకు సుమారు 350 అడుగుల వేగంతో పోతుంది. మన ఎగ్జిబిషన్లలో బుడగలు పేల్చే తుపాకీకి తమ్ముడనుకోండి. టెక్సాస్‌లోని డాలస్‌లో దాన్ని కార్టులో వేసుకుని, బిల్లు కట్టి ఇంటికి తెచ్చేసుకోవచ్చు. అదే పెట్టె న్యూజెర్సీలోని ఎడిసన్‌లో కొనాలంటే ముందు పోలీసులకు దరఖాస్తు పెట్టాలి, వేలిముద్రలు ఇవ్వాలి.

ఈ తేడా ఎందుకంటే, 1968 నాటి ఫెడరల్ (కేంద్ర) తుపాకుల చట్టం దృష్టిలో పేలుడు పదార్థంతో గుండును పంపేదే ఫైర్ఆర్మ్, అంటే అసలు తుపాకీ. గాలి, స్ప్రింగ్, కార్బన్ డయాక్సైడ్‌తో పనిచేసేవి అందులోకి రావు. దాంతో ఏ రాష్ట్రం లెక్క దానిదే అయింది. ఉద్యోగం మారి ఊళ్ళు మారే మనవాళ్ళకు చిక్కు ఇక్కడే వస్తుంది. గరాజ్‌లో సామానుతో పాటు ఎయిర్‌గన్ కూడా ట్రక్కెక్కుతుంది.

టెక్సాస్ కూడా ఫెడరల్ దారిలోనే పోతుంది. పేలుడు గానీ మంట గానీ లేకపోతే అది ఫైర్ఆర్మ్ కాదు. పైగా ఎయిర్‌గన్ల యాజమాన్యం మీద నగరాలు సొంతంగా ఆంక్షలు పెట్టకుండా రాష్ట్రమే కట్టడి చేసింది. అలాగని పెరట్లో నిలబడి కాల్చేయొచ్చు అనుకోవద్దు. ఊరి హద్దుల్లో కాల్చడాన్ని నియంత్రించే హక్కు నగరాలకు ఉంది, మైనర్లు బహిరంగ స్థలాల్లో పట్టుకు తిరగడాన్ని కూడా. ఈ మూడు రాష్ట్రాల్లో కొనేవాళ్ళకు ఇంత హాయి ఇంకెక్కడా లేదు గానీ, ఈ పద్ధతిలో ఒక వింత ఉంది. 2018లో టెక్సాస్ ఎయిర్‌గన్‌తో జింకల వేటకు అనుమతి ఇచ్చింది. కనీసం 0.30 క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు అంగుళాల్లో), 215 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలంది. జింకను పడగొట్టే ఆ గన్నూ, పదేళ్ళ పిల్లాడి రెడ్ రైడరూ రెండూ ఫైర్ఆర్మ్ కావు!

న్యూజెర్సీ ఇందుకు పూర్తిగా తలకిందులు. మనిషికి గాయం చేసేంత బలంతో, అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల కంటే చిన్న గుండును పంపేది ఏదైనా ఫైర్ఆర్మే. రైఫిల్ తరహాదైతే 50 డాలర్లు కట్టి పర్చేజర్ ఐడీ కార్డు తీసుకోవాలి. పిస్టల్ తరహాదైతే విడిగా పర్మిట్ కావాలి, వయసు 21 నిండాలి. గాలి పిస్టల్‌ను పర్మిట్ లేకుండా బయట పట్టుకు తిరిగితే థర్డ్ డిగ్రీ (మూడో శ్రేణి) నేరం. చట్టంలో రాసి ఉన్న శిక్ష 3 నుంచి 5 ఏళ్ళ జైలు. గాయాన్ని బట్టి లెక్కగట్టడం నాకు సబబుగానే తోస్తుంది. కన్ను పోయినవాడికి అది గాలితో పోయిందా మందుగుండుతో పోయిందా అన్నది అనవసరం. కానీ ఆట వస్తువులాంటి దానికి కూడా జైలు లెక్కేంటి? హెచ్1బీ మీద ఉన్నవాడికైతే, జైలు దాకా పోనక్కర్లేదు, కేసు నమోదైతే చాలు టెన్షన్‌తో సగం చస్తాడు.

ఇల్లినాయ్ కొలత పెట్టుకుంది. 0.18 అంగుళాలు మించని గుండ్రటి బీబీలు పేల్చేదైనా, సెకనుకు 700 అడుగుల లోపు వేగం ఉన్నదైనా మామూలు వస్తువే. ఈ రెండిట్లో దేనికిందకీ రాకపోతే ఫోయిడ్ కార్డు, అంటే తుపాకీ యజమాని గుర్తింపు కార్డు కావాలి. పది డాలర్ల ఫీజు, పదేళ్ళు చెల్లుతుంది. రెడ్ రైడర్ సులువుగా గట్టెక్కుతుంది. పెట్టె మీద 1000 అడుగుల వేగం అని గొప్పగా వేసుకున్న పెల్లెట్ (గుండ్రంగా ఉండని గుండు) రైఫిల్ మాత్రం ఇరుక్కుంటుంది. కాబట్టి బొమ్మ కాదు, ఆ అంకె చూసి కొనండి. చికాగో నగరం నియమాలు మళ్ళీ వేరు, అవి ఇంకా గట్టివి. మన దేశంలోనూ దారి ఇదే: 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 0.177 అంగుళాల బోరు, 20 జౌల్స్ శక్తి మించకపోతే లైసెన్స్ అక్కర్లేదు.

నన్నడిగితే కొలత పెట్టడమే మేలైన పద్ధతి. గీత ఎక్కడుందో కొనేవాడికీ అమ్మేవాడికీ ముందే తెలుస్తుంది. సొంత పొలం ఉండి, వేట సరదా ఉన్నవాళ్ళకు మాత్రం టెక్సాసే.

బయట పట్టుకు తిరగడం దగ్గరికొస్తే మాత్రం నేను ఏ రాష్ట్రానికీ ఓటెయ్యను. 2014 నవంబరులో క్లీవ్‌లాండ్‌లోని ఒక పార్కులో తామిర్ రైస్ అనే 12 ఏళ్ళ పిల్లవాడి చేతిలో ఉన్నది ప్లాస్టిక్ గుళ్ళు పేల్చే ఎయిర్‌సాఫ్ట్ బొమ్మ తుపాకీ. వచ్చిన పోలీసు కాల్చేశాడు. దూరం నుంచి చూసేవాడికి గాలి తుపాకీ, అసలు తుపాకీ ఒకేలా కనిపిస్తాయి.

ప్రయాణంలో ఇంకో మెలిక ఉంది, ఇది చాలామందికి తెలీదు. అసలు తుపాకీని ఖాళీ చేసి, చేతికందకుండా పెట్టుకుని, చట్టబద్ధమైన చోటి నుంచి అలాంటి చోటికే వెళ్తుంటే దారిలోని రాష్ట్రాలు పట్టుకోకుండా ఫెడరల్ చట్టం రక్షణ ఇస్తుంది. కానీ ఆ రక్షణ ఫైర్ఆర్మ్‌కే. ఫెడరల్ చట్టం దృష్టిలో ఎయిర్‌గన్ ఫైర్ఆర్మే కాదు కదా, మరి దానికి ఆ గొడుగు ఎక్కడిది? న్యూయార్క్ నగరంలోనైతే లైసెన్స్ లేకుండా ఎయిర్ రైఫిల్ దగ్గర ఉంచుకోవడమే నేరం. అందుకే టెక్సాస్ నుంచి న్యూజెర్సీకి మారుతుంటే దాన్ని అక్కడే అమ్మేసి, ట్రక్కులో ఆ చోటు ఇంకేదైనా సామానుకు వాడుకోండి. న్యూజెర్సీలో కార్డు చేతికొచ్చాక కొత్తది కొనుక్కోవచ్చు.