చిప్తాగెలార్ గాదెలు: దారిలో దోపిడీ, ఊళ్లో కడుపునిండా అన్నం

ఇండోనేషియాలో, జకార్తా నుంచి సముద్రతీర పట్నం పలబుహన్‌రాతు దాకా ప్రయాణం హాయిగా సాగింది. గొడవంతా అక్కణ్ణుంచే. పశ్చిమ జావా కొండల్లో ఉండే చిప్తాగెలార్ అనే ఊరికి జీపు 8 లక్షల రుపియాలకు మాట్లాడుకున్నాం. సగం దారిలో, వానలో, బండి ఆపేసి ఇంకో 4 లక్షలు ఇస్తేనే కదులుతానన్నాడు డ్రైవర్. ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఇచ్చాం. నాకు ఒళ్లు మండిపోయింది, మావారు పైకి చేరేదాకా నోరు విప్పలేదు.

ఊళ్లో 'ఇమాహ్ గెడే' అనే పెద్దింట్లో దిగాం. వంటింట్లో కట్టెల పొయ్యిలు, ఆవిరి మీద ఉడికిన అన్నం, ఉప్పు చేప, సంబల్ అనే మిరపకాయ పచ్చడి, పచ్చి ఆకులు. మావారు మారు వడ్డించుకున్నారు, అప్పుడు గానీ ఆయన మొహం విప్పారలేదు. భోజనానికి ఎంతని అడిగితే ఆడవాళ్లు నవ్వేశారు. ఇక్కడ బియ్యం అమ్మడం నిషిద్ధం. వచ్చిన వాళ్లందరికీ పెడతారు, మనకు తోచింది ఇవ్వచ్చు. మేం కవర్లో 3 లక్షలు పెట్టి ఇచ్చాం.

మర్నాడు గాదెలు చూశాం. లెయిత్ అంటారు. రాళ్ల మీద నిలబెట్టిన కాళ్లు, వెదురు తడికల గోడలు, నల్లటి తాటిజాతి నారతో కప్పు. తలుపు కప్పు కిందే, కిటికీ అంత. నిచ్చెన వేసుకుని ఎక్కాల్సిందే. అరచేతిలో ఇమిడే చిన్న కత్తితో వెన్నులు కోసి, కట్టలు కట్టి, వెదురు దండేల మీద ఆరబెట్టి లోపల పేరుస్తారు. అలా దాచిన వడ్లు ఏళ్ల తరబడి చెడవట. ధాన్యమంటే వాళ్లకు న్యి పొహాచి అమ్మవారు. గాదె నింపడమంటే ఆమెను ఇంట్లో కూర్చోబెట్టడమే. అందుకే మిల్లు పట్టించరు, రోట్లో దంచుకుంటారు. ఏడాదికి ఒక్క పంటే. నాట్లెప్పుడో చెప్పేది ఆకాశంలో పిల్లలకోడి చుక్కలు.

నన్ను కట్టిపడేసింది సి జిమత్ అనే ఉమ్మడి గాదె. కరువొస్తే ఎవరైనా అందులోంచి తీసుకుని, పంట చేతికొచ్చాక తిరిగి నింపుతారు. కోతలయ్యాక జరిగే సెరెన్ తౌన్ పండుగలో కొత్త వడ్లను ఊరేగించి అందులోనే పెడతారు. ఆ రోజుల్లో జనం విరగబడతారు. గాదె దగ్గర నిలబడి తీరిగ్గా మాట్లాడాలంటే మాత్రం పండుగ లేనప్పుడే వెళ్లండి.

జీపు ఊళ్లోవాళ్ల ద్వారానే మాట్లాడించుకోండి, డబ్బు ఊరు చేరాకే ఇవ్వండి. దిగేటప్పుడు మేం అలాగే చేశాం. ఆ డ్రైవర్ 6 లక్షలన్నాడు, అంతే తీసుకున్నాడు.